జులై నుంచి జనవరి దాకా ఆరు పుస్తకాలు: అనంతపురంలో ఎల్‌జీబీటీ యువ నవలల పఠన సవాలు నడపడం ఎలా

మన అనంతపురం పుస్తకాల షాపుల్లో ఎక్కువ చోటు గ్రూప్స్ గైడ్లకీ, ఎంసెట్ మెటీరియల్‌కీ పోతుంది. ఇద్దరు అబ్బాయిల ప్రేమ కథో, ఇద్దరు అమ్మాయిల ప్రేమ కథో, ఒక ట్రాన్స్ కుర్రాడి (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, తాను అబ్బాయినని తెలిసినవాడి) కథో కావాలంటే అరలో నుంచి తీసి నాలుగు పేజీలు తిరగేసి కొనుక్కునే వీలు దాదాపు లేదు. ఆన్‌లైన్‌లో వెతికితే కుప్పలు కుప్పలుగా వస్తాయి. ఏది బాగుంటుందో డబ్బు పెట్టి కొన్నాకే తెలుస్తుంది. అవార్డు జాబితాలు ఇక్కడే పనికొస్తాయి. పుస్తకాలతోనే బతికే లైబ్రేరియన్లు, రచయితలు ఏడాదంతా చదివి ఏరిన పేర్లు అవి.

ఈ మార్గదర్శి ఒక చిన్న గుంపు కోసం. జులైలో మొదలుపెట్టి జనవరి చివరికి, టీనేజర్ల కోసం రాసిన ఇలాంటి నవలల్లో అవార్డు గెలిచినవో, నామినేట్ అయినవో ఆరు కలిసి చదవాలి. జులై ఎందుకంటే అప్పటికి పరీక్షలు, ఎంట్రన్సుల టెన్షన్ తగ్గుతుంది, ఎండలు కూడా తగ్గుతాయి. జనవరి ఎందుకంటే ఆ నెలలోనే ఈ రంగంలో పెద్ద అవార్డు ఒకటి ప్రకటిస్తారు.

మొదలుపెట్టే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మన ఊళ్ళో ఇలాంటి గుంపు నిలవాలంటే ఒకటే షరతు: నువ్విక్కడికి ఎందుకొచ్చావని ఎవరూ ఎవరినీ అడగకూడదు. కింద చెప్పే ప్రతి పనీ ఆ షరతు చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు అవార్డుల సంగతి

నామినేషన్ అంటే అన్ని అవార్డుల్లోనూ ఒకటే పద్ధతి ఉండదు. నాలుగింటి గురించి తెలిస్తే మన పనికి సరిపోతుంది.

లాంబ్డా లిటరరీ అవార్డులు 1989 నుంచి ఇస్తున్నారు. ఇవి ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) రచనలకే ప్రత్యేకం, యువత కోసం రాసిన పుస్తకాలకు విడిగా విభాగం ఉంది. ముందు ఫైనలిస్టుల జాబితా వస్తుంది, ఆ తర్వాత విజేత పేరు. ఫైనలిస్టుగా నిలిచిన ప్రతి పుస్తకమూ మన సవాలుకు చెల్లుతుంది.

స్టోన్‌వాల్ అవార్డు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఇచ్చేది. 1969 జూన్‌లో న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద పోలీసులు పడితే లోపలున్నవాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు తిరగబడ్డారు. ఆ పేరే ఈ అవార్డుకు పెట్టారు. మొదటిసారి ఇచ్చింది 1971లో. పిల్లల, యువ సాహిత్యానికి 2010 నుంచి ఇస్తున్నారు. దీనికి ముందుగా షార్ట్‌లిస్టు అంటూ రాదు. జనవరిలో ఒకే రోజు విజేతనూ, పక్కన ‘ఆనర్’ పుస్తకాలనూ ప్రకటిస్తారు. ఆనర్ వచ్చినదాన్ని నామినేషన్ కిందే లెక్కేసుకోండి.

మిగతా రెండూ అన్ని రకాల యువ సాహిత్యానికీ ఇచ్చేవి. అమెరికాలోని నేషనల్ బుక్ అవార్డు యువ సాహిత్య విభాగంలో ముందు 10 పుస్తకాల లాంగ్‌లిస్టు, తర్వాత 5 పుస్తకాల ఫైనల్ జాబితా, నవంబర్‌లో విజేత. ప్రింట్జ్ అవార్డులో ఒక విజేత, కొన్ని ఆనర్ పుస్తకాలు. మనకు ఈ రెండింటి వల్ల ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఇంట్లో ఎవరైనా “ఏం పుస్తకం అది?” అని అడిగితే “నేషనల్ బుక్ అవార్డు లిస్టులో వచ్చింది నాన్నా” అనొచ్చు. అది పూర్తి నిజం, అక్కడితో మాట ఆగిపోతుంది కూడా.

విజేతలతోనే జాబితా నింపేయకండి. నా అభిప్రాయంలో ఫైనలిస్టుల్లోనే వైవిధ్యం ఎక్కువ. దయ్యాల కథలు, కవితల్లో రాసిన నవలలు, వలస కుటుంబాల కథలు అక్కడ దొరుకుతాయి.

2. ఎవరెవరు, ఎంతమంది

ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. పది దాటితే మాట్లాడేవాళ్ళు నలుగురే మిగులుతారు.

ఈ సవాలును ఎల్‌జీబీటీ వాళ్ళకు మాత్రమే అని పెట్టొద్దు. అలా పెడితే చేరడమే ఒక ప్రకటన అయిపోతుంది. ఇంకా తన గురించి తనకే తేలని ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ గుమ్మం తొక్కడు. నవలలంటే ఇష్టమున్న ఎవరైనా రావచ్చు అంటే ఎస్కేయూలో ఎంఏ చదివే అమ్మాయి, జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కుర్రాడు, ధర్మవరం నుంచి వచ్చే టీచరమ్మ, తమ్ముణ్ణి అర్థం చేసుకోవాలనుకునే అక్క అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఎవరు ఎందుకొచ్చారో బయటివాళ్ళకూ తెలీదు, లోపలివాళ్ళకూ తెలియాల్సిన పని లేదు.

వయసు 18 నిండాలి. ఇవి టీనేజర్ల కోసం రాసిన నవలలే, నిజమే. అయినా పెద్దవాళ్ళున్న గుంపులో మైనర్లను తల్లిదండ్రులకు తెలియకుండా కూర్చోబెట్టడం సరికాదు, రేపు ఏ చిన్న గొడవొచ్చినా గుంపంతా చెదిరిపోతుంది. పదిహేడేళ్ళ పిల్ల వచ్చి అడిగితే జాబితా రాసివ్వండి, తనే చదువుకుంటుంది.

పిలవడం ఒక్కొక్కరినే, నేరుగా, నోటిమాటగా. కాలేజీ నోటీసు బోర్డు జోలికి పోవద్దు.

కొందరికి ఇదేమన్నా కేసవుతుందేమో అన్న భయం ఉంటుంది. మొదటి రోజే ఆ భయం తీర్చండి. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పిచ్చింది. అంతకుముందే 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు హక్కును ఒప్పుకుంది. ఇక నవల చదవడం ఎప్పుడూ నేరం కాదు.

3. ఫోన్‌లో గ్రూపు

వాట్సాప్ గ్రూపులో సభ్యులందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి. అందుకని నంబరు దాచుకునే వీలున్న టెలిగ్రామ్ లాంటిది నయం. అందులోనూ ఎవరికి వారు సెట్టింగ్స్‌లో ‘నంబర్ ఎవరికీ కనబడకూడదు’ అన్నది పెట్టుకోవాలి, దానంతటది రాదు. మొదటి సమావేశంలో పక్కన కూర్చుని ఒక్కొక్కరి చేత ఇది చేయించండి.

గ్రూపు పేరు సాదాగా ఉండాలి. ‘ఆదివారం పుస్తకాలు’ చాలు. ప్రొఫైల్ బొమ్మగా ఇంద్రధనస్సు జెండా పెట్టాలని ఉత్సాహపడేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఉత్సాహం మంచిదే. కానీ బస్సులో పక్క సీటాయన ఫోన్ వైపు చూస్తాడు, హాస్టల్లో రూమ్మేట్ చూస్తాడు, ఇంట్లో చెల్లెలు గేమ్ ఆడుకోడానికి ఫోన్ తీసుకుంటుంది. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా నోటిఫికేషన్ ప్రివ్యూ కూడా తీసేయించండి. పేర్లు ఎవరికి ఏది ఇష్టమైతే అది. ఇంటిపేరు, ఊరు, కాలేజీ ఏదీ అడగొద్దు.

ఫొటోలు వద్దు. పుస్తకాలు పేర్చి తీసినా సరే, వెనక ఎవరి చెయ్యో, చేతి గాజులో కనిపిస్తే చాలు మన ఊళ్ళో ఆనవాలు పట్టేస్తారు.

4. ఆరు పుస్తకాలు, ఏ వరుసలో

జులైలో ‘అరిస్టాటిల్ అండ్ డాంటే డిస్కవర్ ద సీక్రెట్స్ ఆఫ్ ద యూనివర్స్’. బెంజమిన్ అలీరె సాయెన్స్ నవల, 2012లో వచ్చింది. 2013లో స్టోన్‌వాల్, లాంబ్డా రెండూ దీనికే వచ్చాయి, ప్రింట్జ్ ఆనర్ కూడా. 1987లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో ఇద్దరు మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళ స్నేహం ఎటు పోతుందన్నదే కథ. మొదటి పుస్తకంగా దీన్ని పెట్టడానికి కారణం దీని ఇంగ్లిష్. చిన్న అధ్యాయాలు, చిన్న వాక్యాలు, సగం సంభాషణలే. ఇంకో కారణం, ఆ ఇద్దరిలో ఒకడైన ఆరి (అరిస్టాటిల్) ఇల్లు. వాళ్ళ అన్న జైల్లో ఉంటాడు, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. గోడ మీద ఫొటో కూడా ఉండదు. “మా పెదనాన్న గురించి మా ఇంట్లో ఇట్లే” అని ఎవరో ఒకరు అంటారు. అక్కడి నుంచి చర్చ దానంతటదే నడుస్తుంది.

ఆగస్టులో ‘స్విమ్మింగ్ ఇన్ ద మాన్సూన్ సీ’, శ్యామ్ సెల్వదురై రాసింది, 2005. లాంబ్డా గెలిచింది, కెనడా గవర్నర్ జనరల్ అవార్డు తుది జాబితాలో నిలిచింది. 1980లో శ్రీలంక, వానాకాలం. తల్లిదండ్రులు లేని పద్నాలుగేళ్ళ అమృత్ బంధువులాంటి వాళ్ళింట్లో పెరుగుతుంటాడు. కెనడా నుంచి వరసకు సోదరుడయ్యే నిరేష్ వస్తాడు. బడిలో ఒథెల్లో నాటకం రిహార్సల్స్ జరుగుతుంటాయి. నాటకంలోని అసూయ, అమృత్ లోపలి అసూయ పక్కపక్కనే సాగుతాయి. మన వాళ్ళకు ఈ పుస్తకం ఎక్కడా పరాయిగా అనిపించదు. నౌకర్లున్న పెద్దిల్లు, ఆంటీలు, అంకుల్స్, ఎవరేమనుకుంటారో అన్న బెంగ, అన్నీ తెలిసినవే.

మూడోది పెద్దల అమావాస్య వచ్చే రోజుల్లో మొదలుపెట్టండి: ఐడెన్ థామస్ రాసిన ‘సెమెటరీ బాయ్స్’. 2020 నేషనల్ బుక్ అవార్డు లాంగ్‌లిస్టులో ఉంది. యాడ్రియెల్ ట్రాన్స్ కుర్రాడు. వాళ్ళ కుటుంబంలో మగవాళ్ళు ఆత్మల్ని దాటించే విద్య నేర్చుకుంటారు. తననూ మగవాడిగా గుర్తించి ఆ తంతు చేయించమంటాడు, ఇంట్లో ఒప్పుకోరు. తనే రహస్యంగా చేసుకుంటాడు, పిలవని దయ్యం వచ్చి కూర్చుంటుంది. చనిపోయినవాళ్ళు ఇంటికొచ్చే మెక్సికో పండుగ దగ్గర పడుతుండగా కథ నడుస్తుంది. మన దగ్గర పెద్దలకు బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి పెట్టే రోజుల్లో ఇది చదివితే ఆ కుటుంబం ఎంత దగ్గరగా కనిపిస్తుందో చూడండి. ఇందులో ఇంట్లోవాళ్ళు దుర్మార్గులు కారు. ప్రేమిస్తారు, అన్నం పెడతారు, కానీ ఒప్పుకోరు. ఆ మెలిక మీదే ఒక సమావేశమంతా మాట్లాడుకోవచ్చు. యాడ్రియెల్ గురించి చెప్పేటప్పుడు అతను, వచ్చాడు, అన్నాడు అనే అనండి, మొదటి పేజీ నుంచీ.

నవంబర్‌కు మలిండా లో రాసిన ‘లాస్ట్ నైట్ ఎట్ ద టెలిగ్రాఫ్ క్లబ్’. 2021 నేషనల్ బుక్ అవార్డు, 2022 స్టోన్‌వాల్. 1954 శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్. పదిహేడేళ్ళ లిలీకి రాకెట్లంటే పిచ్చి, క్లాసులో క్యాథ్లీన్ అనే అమ్మాయంటే ప్రేమ. కమ్యూనిస్టుల కోసం ప్రభుత్వం వేటాడుతున్న రోజులవి, తండ్రి పౌరసత్వానికే ఎసరొస్తుంది. అన్నిట్లోకీ ఇదే పెద్ద పుస్తకం, చరిత్ర కూడా కొంత తెలియాలి. దీనికి అయిదు వారాలు ఇవ్వండి.

డిసెంబర్‌లో డీన్ అట్టా రాసిన ‘ద బ్లాక్ ఫ్లెమింగో’, 2020 స్టోన్‌వాల్ విజేత. కవితల్లో రాసిన నవల. లండన్ కుర్రాడు మైఖేల్ తన రంగు, తన ప్రేమ, తన వేషం మూడింటినీ కలుపుకోవడం ఇందులో కథ. సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా తేలిగ్గా పూర్తవుతుంది.

జనవరి పుస్తకం ఎవరికి వారే జాబితాల్లోంచి ఎంచుకుంటారు. ఎందుకు ఎంచుకున్నారో చివరి రోజు చెప్తారు.

వీటికి తోడుగా తెలుగులో ఒకటి తప్పకుండా చదవండి. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. నవల కాదు, యువ సాహిత్యమూ కాదు, అందుకే ఆరింటిలో లెక్కపెట్టలేదు. కానీ అమెరికా కథలు చదివి ఇదంతా అక్కడి వ్యవహారం అనుకునే ప్రమాదం ఉంది. తమిళనాడు పల్లెటూళ్ళో పుట్టిన మనిషి జీవితం ముందుంటే ఆ మాట ఎవరూ అనరు.

మూడు పుస్తకాలు పూర్తిచేసినవాళ్ళు సవాలు నెగ్గినట్టే. ఆరూ చదివితే సంతోషం. ఎవరు ముందు చదివారు, ఎన్ని పేజీలు చదివారు అన్న పోటీ పెట్టొద్దు. ఇంగ్లిష్ మీడియం వాళ్ళు ముందుకు పోతారు, మిగతావాళ్ళు మెల్లగా రావడం మానేస్తారు.

5. పుస్తకాలు ఇంటికి చేరే దారి

పార్శిల్ వస్తే మన ఇళ్ళల్లో ఎవరు ముందు చూస్తే వాళ్ళే చించుతారు. అందుకని అందరి ఆర్డర్లూ ఇబ్బంది లేని ఒకరి అడ్రస్‌కే పెట్టండి. సొంత గది, సొంత సంపాదన ఉన్నవాళ్ళయితే మంచిది. ముగ్గురికి ఒక కాపీ కొంటే ఖర్చు సర్దుకుంటుంది. ఫోన్‌లో చదివేవాళ్ళు ఈబుక్ కొనుక్కోవచ్చు. పుస్తకాలకు బ్రౌన్ పేపర్ అట్ట వెయ్యండి. బడి రోజుల నుంచీ మనకు అలవాటే, ఎవరికీ వింతగా తోచదు.

జిల్లా గ్రంథాలయాన్ని కూడా వదలొద్దు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. ఫలానా పుస్తకాలు తెప్పించండని రాతపూర్వకంగా అడగొచ్చు. జాబితాలో ఈ అయిదింటితో పాటు ఇంకో పది మామూలు అవార్డు నవలలు కలిపి, పక్కన అవార్డు పేరు, సంవత్సరం రాసివ్వండి. అనుమతించే అధికారికీ పని సులువవుతుంది.

దొంగ పీడీఎఫ్‌లు గ్రూపులో పెట్టనివ్వకండి. ఇలాంటి కథలు రాసేవాళ్ళు తక్కువ, వాళ్ళకు వచ్చేదే కాస్త.

6. ఇంగ్లిష్ కష్టమైతే

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళు సగం మంది ఉంటారనుకునే ప్లాన్ వేసుకోండి. ఇద్దరిద్దరిని జత కట్టండి, ఒకరికి ఇంగ్లిష్ బాగా వచ్చుండాలి. రోజుకు పన్నెండు, పదమూడు పేజీలు. చదివిన భాగాన్ని ఒకరు ఇంకొకరికి తెలుగులో వాయిస్ మెసేజ్‌గా చెప్పాలి, వాక్యం వాక్యం అనువదించకుండా, సినిమా కథ చెప్పినట్టు. విన్నవాళ్ళు ఆ తర్వాత అదే భాగాన్ని ఇంగ్లిష్‌లో చదివితే తెలియని మాటలు సగం వాటంతటవే విడిపోతాయి. వినడం కూడా చదివినట్టే లెక్క.

ఉదాహరణకు జులై పుస్తకం మొదట్లో ఆరి స్విమ్మింగ్ పూల్లో తేలుతూ ఉంటాడు, ఈత రాదు. డాంటే వచ్చి నేర్పిస్తానంటాడు. దీన్ని చెప్పేవాళ్ళు మన బావి ఈత గుర్తు చేసుకోవచ్చు: నడుముకు బెండు కట్టుకుని మెట్ల మీద నిలబడి, కింద నీళ్ళలో ఉన్నవాడు “దూకు, నేనున్నా కదా” అంటుంటే పైన ఉన్నవాడికి కలిగే ఆ జంకు, ఆ నమ్మకం. అది చెప్పగలిగితే ఆ రెండు పేజీల్లో రచయిత ఏం చేశాడో విన్నవాళ్ళకు అందుతుంది. ఇద్దరి మధ్య ఏం మొదలైందో కూడా.

ఇలా చెప్పుకోవడం మీలో మీకే. నవల మొత్తం తెలుగు చేసి పంచడం మాత్రం రచయిత అనుమతి లేకుండా చేయకూడదు.

7. కూర్చుని మాట్లాడుకునే రోజు

నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు. తాడిపత్రి, గుంతకల్లు, కళ్యాణదుర్గం వైపు పోయేవాళ్ళు చీకటి పడకముందే బస్సెక్కాలి. టవర్ క్లాక్ చుట్టుపక్కల టీ కొట్లు, హోటళ్ళు వద్దు. పక్క బల్ల మీద ఎవరో తెలిసినవాళ్ళు ఉండనే ఉంటారు. ఎవరి ఇంటి మేడ గదో, తలుపేసుకునే ట్యూషన్ గదో చూసుకోండి. రాలేనివాళ్ళు ఫోన్‌లో కలవొచ్చు, కెమెరా ఆపుకుని. తినడానికి ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తే మొదటి పది నిమిషాల బిడియం పోతుంది.

ఎవరో ఒకరు నడిపించాలి, ప్రతిసారీ మనిషి మారాలి. ప్రశ్నలు పుస్తకం మీదే ఉండాలి. “లిలీ వాళ్ళమ్మ స్థానంలో ఏ తల్లయినా వేరేగా చేసేదా?” మంచి ప్రశ్న. “మీ అమ్మకు తెలిస్తే ఏం చేస్తుంది?” అడగకూడని ప్రశ్న. మనిషి తనంతట తాను చెప్పుకుంటే వినండి, గది దాటనివ్వకండి.

ఒక్కోసారి ఎవరో మంచి మనసుతోనే హద్దు దాటుతారు. “అక్కా, నువ్వింత బాగా చెప్తున్నావే, నీకూ ఇట్లాంటిది జరిగిందా ఏంది?” అని ఒక కుర్రాడు అడుగుతాడు. గది ఒక్కసారి గడ్డకడుతుంది. అక్క సమాధానం వెతుక్కునేలోపే నడిపించేవాళ్ళు అందుకోవాలి: “ఆ మాట అమృత్‌ని అడుగు నాయనా. నిరేష్ ఆ ఇంటమ్మాయి మాలాతో నవ్వుతూ మాట్లాడుతుంటే వాడికెట్లుందో చెప్పు ముందు.” గొంతు పెంచకుండా, కుర్రాణ్ణి చిన్నబుచ్చకుండా. తర్వాత విడిగా రూలు గుర్తు చేస్తే చాలు.

ఎగతాళి మాటలు, వీధిలో హిజ్రాలను పిలిచే తిట్లు ఎవరి నోటి నుంచీ రాకూడదు. పుస్తకంలో పాత్ర ఆ మాట వాడితే ఆ పేజీ నంబరు చెప్పి మాట్లాడుకోండి.

నచ్చలేదు అనే హక్కు అందరికీ ఉంది. సాయెన్స్ ముగింపు హడావుడిగా ఉందని, టెలిగ్రాఫ్ క్లబ్ మొదటి వంద పేజీలు నత్తనడకని ఎవరైనా అంటే వాదించుకోండి. అవార్డు వచ్చిందని తలూపాల్సిన పని లేదు.

8. మనసు బరువెక్కినప్పుడు

ఈ పుస్తకాల్లో తిరస్కారం, హింస ఉంటాయి. ఏ అధ్యాయంలో ఉన్నాయో ముందే చదివినవాళ్ళు గ్రూపులో చెప్పాలి. ఎవరైనా బాగా కుంగిపోయినట్టు కనిపిస్తే మీరే కౌన్సెలర్లయిపోకండి. టెలి మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబర్‌ను గ్రూపు పైభాగంలో పిన్ చేసి పెట్టండి. ఇంట్లోవాళ్ళు ‘మార్చడానికి’ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామంటున్నారని ఎవరైనా చెప్తే ఈ రెండు సంగతులు వాళ్ళకు తెలియాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. అలా మారుస్తామని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది.

9. జనవరిలో

స్టోన్‌వాల్ ప్రకటన అమెరికాలో పొద్దున జరుగుతుంది, మనకు ఆ సాయంత్రానికో రాత్రికో తెలుస్తుంది. ముందు వారమే ఒక్కొక్కరు తమ జనవరి పుస్తకం గురించి అయిదు నిమిషాలు చెప్పాలి. చదివిన కాపీల్లో పేర్లేమీ రాసి లేవని చూసుకుని, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఆ మేడ గదిలోనే ఉంచండి. కొత్త విజేతను, ఆనర్ పుస్తకాలను ఒక కాగితం మీద రాసుకుని, వాటికి లాంబ్డా ఫైనలిస్టులను కలిపితే వచ్చే జులై జాబితా సగం తయారైనట్టే. దాంట్లోంచి ఇంగ్లిష్ అన్నిటికంటే తేలికగా ఉన్నదాన్ని ఏరి మొదట పెట్టే పని, ఈసారి అందరికంటే మెల్లగా చదివినవాళ్ళకు అప్పగించండి.